ఇచ్చిన మాటను వెనక్కి అడిగినప్పుడు: ఒక వలస డాక్యుమెంటరీ ఎడిటింగ్ కేస్ స్టడీ

ఒక డాక్యుమెంటరీ దాదాపు పూర్తయిన దశలో అందులోని ముఖ్యమైన వ్యక్తి తన మాటలను తీసేయమని కోరితే ఎడిటర్ ఏం చేయాలన్నది ఈ కేసులోని ప్రశ్న. ఆ చిత్రాన్ని ఎడిట్ చేసినవాడిగా నేనే దీన్ని రాస్తున్నాను. ఊరు, మండలం, బంధుత్వాలు, కొన్ని అంకెలు మార్చాను. నిర్ణయాలు ఏ వరుసలో జరిగాయో, ఒక్కొక్క దాని వెనుక ఏ ఆలోచన ఉందో మాత్రం ఉన్నది ఉన్నట్టుగా ఉంచాను. ఆ వ్యక్తి కెమెరా ముందు చెప్పిన సంగతులను ఇక్కడ కూడా చెప్పడం లేదు; సినిమాలోంచి తీసేసిన దాన్ని వ్యాసంలో చేరిస్తే తీసేసినట్టు కాదు.

నేపథ్యం

దర్శకుడికి ముప్పై ఏళ్లు నిండలేదు. పెళ్లిళ్లకు, గృహప్రవేశాలకు వీడియోలు తీసి ఇల్లు నడుపుకుంటున్నాడు. తండ్రి ముంబయిలో భవన నిర్మాణ పనుల్లో ఇరవై ఏళ్లు గడిపి వచ్చిన మనిషి. పాత మహబూబ్‌నగర్ జిల్లా పడమటి మండలాల్లో, అంటే ఇప్పుడు చాలావరకు 2019లో ఏర్పడిన నారాయణపేట జిల్లా కిందికి వచ్చిన ప్రాంతంలో, ఇలాంటి తండ్రి లేని వాడకట్టు దొరకదు. ఏడాదికి 600 మిల్లీమీటర్లకు అటూ ఇటూ కురిసే వాన, నీరు నిలవని ఎర్ర చెల్కలు, జిల్లా అంచున కృష్ణా నది పారుతున్నా చేలకు అందని నీళ్లు కలిసి తరాల తరబడి మనుషులను బయటికి పంపాయి. దేశంలో ఎక్కడ ఆనకట్ట కట్టినా, కాలువ తవ్వినా గుత్తేదార్లు వీళ్లను పాలమూరు లేబర్ అనే పేరుతోనే పిలిచారు.

ఈ వలసకు నడిమధ్యన ఉండేది అడ్వాన్సు. గుంపు మేస్త్రీ పండుగకో, పెళ్లికో, ఆసుపత్రికో డబ్బు ముందుగా ఇస్తాడు. తీసుకున్న కుటుంబం సీజనంతా పనిచేసి తీర్చాలి. వెట్టి చాకిరీ రద్దు చట్టం 1976 నుంచి ఉంది. రాష్ట్రాలు దాటి పనికి వెళ్లే కూలీల కోసం 1979లో మరో చట్టం వచ్చింది. దాని ప్రకారం కూలీకి నెల జీతంలో సగానికి తగ్గకుండా స్థానచలన భత్యం ఇవ్వాల్సి ఉండేది; 2025 నవంబరులో కొత్త కార్మిక కోడ్ ఆ చట్టం స్థానంలోకి వచ్చింది. ఈ రెండు చట్టాలను ఇక్కడ గుర్తుచేయడానికి కారణం ఉంది. ఒక కూలీ తన అడ్వాన్సు గురించి కెమెరాకు చెప్పడమంటే, తెలిసో తెలియకో, తాను ఇంకా పనిచేయాల్సిన ఒకానొక మనిషి మీద సాక్ష్యం చెప్పడమే. మా దగ్గర ఉన్నది కష్టగాథ అని మేము అనుకున్నాం. చెప్పినవాడికి అది సాక్ష్యం. ఈ తేడా మాకు ఆలస్యంగా తెలిసింది.

దర్శకుడు రెండేళ్లలో 46 గంటల ఫుటేజీ పోగుచేశాడు. చిత్రీకరణ శుభ్రంగా ఉంది. సెకనుకు 25 ఫ్రేములు, సెకనులో యాభయ్యో వంతు షట్టర్ పెట్టి తీయడం వల్ల 50 హెర్ట్జ్ కరెంటు మీద వెలిగే ట్యూబులైట్ల కింద కూడా బొమ్మ మిణుకుమనలేదు; అది పెళ్లిమండపాలు నేర్పిన అలవాటు. అయితే పెళ్లిమండపం మరో అలవాటును కూడా నేర్పుతుంది. పెళ్లి వీడియోలో అక్కడి అసలు ధ్వనిని తీసేసి దాని మీద పాట వేస్తారు కాబట్టి తీసేవాడికి చెవి మీద శ్రద్ధ తగ్గుతుంది. ఇతని ఫుటేజీలో చాలాచోట్ల మైకుకు గాలి తొడుగు కూడా లేదు. ఈ లోపం ముందుముందు మాకు పెద్ద చిక్కయింది.

నా దగ్గరికి వచ్చిన సమస్య

అతను తెచ్చిన రఫ్ కట్, అంటే చిత్రం తొలి కూర్పు, 58 నిమిషాలు. ఒక చిత్రోత్సవానికి పంపే గడువు ఆరు వారాల దూరంలో ఉంది. "సార్, చూసినవాళ్లందరూ బాగుందంటున్నారు, కానీ మధ్యలో సాగుతున్నదంటున్నారు. నలభై నిమిషాలకు తెస్తే చాలు," అన్నాడు.

రెండుసార్లు చూశాక నాకు కనిపించిన సమస్య నిడివి కాదు. చిత్రంలో దాదాపు యాభై ఏళ్ల వ్యక్తి ఒకరు రాత్రిపూట తన గడప మీద కూర్చుని మాట్లాడుతారు. 38 నిమిషాల ఆ సంభాషణలోంచి దర్శకుడు 11 నిమిషాలు వాడుకున్నాడు. మిగతా 47 నిమిషాలూ ఆ మాటలకు బొమ్మలు చూపించడానికే ఉన్నాయి. ఆయన బస్సు అంటే బస్సు, వాన అంటే మబ్బు కనిపిస్తాయి. ఆ పెద్దమనిషి మాట్లాడుతున్నంతసేపూ చిత్రం బతికి ఉంటుంది, ఆయన ఆగగానే కూలబడుతుంది. సాగుతున్నదని చూసినవాళ్లు చెప్పింది ఆ కూలబడిన చోట్ల గురించే.

అయినా మొదటి రెండు వారాలు నేను దర్శకుడు అడిగిన పనే చేశాను. ఆ గడప మీది మాటల చుట్టూ ఉన్నదాన్ని బిగించి 41 నిమిషాలకు తెచ్చాను. ఆ మాటలు అంత బలంగా ఉండేవి. ఒక్క ఇంటర్వ్యూ మీద ఇల్లంతా నిలబెడుతున్నామని తెలిసి కూడా, నిలబడుతున్నది కదా అని ముందుకు పోయాను. ఈ కేసులో నా తప్పు ఇదే.

ఫైన్ కట్‌కు, అంటే చివరి మెరుగుల కూర్పుకు, ముందు చిత్రంలో ఉన్నవారికి చూపించాలన్నది నేను పెట్టుకున్న నియమం. ఇది కొత్తదేమీ కాదు. డాక్యుమెంటరీ దర్శకుడు రాబర్ట్ ఫ్లాహెర్టీ 1922లో విడుదలైన తన చిత్రం కోసం ఉత్తర కెనడాలో ఇన్యూట్ ప్రజల మధ్య పనిచేసినప్పుడు, తీసిన ఫిల్మును అక్కడే కడిగి వాళ్లకే వేసి చూపించాడు. ఫ్రాన్స్‌కు చెందిన జాఁ రూష్, ఎడ్గార్ మోరాఁ 1960 వేసవిలో పారిస్‌లో తీసిన చిత్రంలో, పాల్గొన్నవారు తమ బొమ్మను తాము చూసుకుని వాదించుకున్న ఘట్టాన్ని చిత్రంలోనే భాగం చేశారు. దర్శకుడు మాత్రం వెనకాడాడు. గడువు దగ్గర పడుతున్నది, పైగా సంతకం పెట్టిన సమ్మతి పత్రం చేతిలో ఉంది. చివరికి ఆ పెద్దమనిషి ఒక్కరికే లాప్‌టాప్‌లో చూపించడానికి ఒప్పుకున్నాడు.

ఆయన మొత్తం చూశారు. బాగుందనీ అనలేదు, బాగా లేదనీ అనలేదు. "గిది మేస్త్రీ గూడ సూస్తడా?" అని ఒక్క మాట అడిగారు. దర్శకుడు నిజమే చెప్పాడు: యూట్యూబులో పెడితే ఎవరైనా చూడవచ్చునని. రెండు రోజుల తర్వాత ఆయన భార్య ఫోన్ చేసింది. "మా పిల్లగాడు ఆయన కిందనే పని జేస్తుండు బిడ్డా. నీకు దండం పెడ్త, ఆ ముచ్చట తీసెయ్యి."

పత్రం ఏమంటున్నది, మనిషి ఏమంటున్నాడు

దర్శకుడు నా దగ్గరికి వచ్చిన ఆ సాయంత్రం మేమిద్దరం సమ్మతి పత్రాన్ని ముందు పెట్టుకుని కూర్చున్నాం. చిత్రీకరించినదంతా ఎప్పుడైనా, ఎక్కడైనా వాడుకునే హక్కు నిర్మాతకు ఉన్నదని అందులో ఉంది. ఆ కాగితాన్ని పట్టుకుని ముందుకు పోవచ్చు. అతను ఆ మాట అన్నందుకు నేను అతన్ని తప్పు పట్టను; రెండేళ్ల శ్రమ, తన తండ్రి జీవితం కూడా ఆ 11 నిమిషాల్లో ఉన్నాయని అతను నమ్ముతున్నాడు.

నేను అతని ముందు పెట్టిన ఆలోచన ఇది. సంతకం పెట్టిన రోజున ఆయనకు తెలిసింది తన వాకిట్లో ఒక కెమెరా, తెలిసిన ఇంటి పిల్లవాడు. చూసినరోజున తెలిసింది కట్ చేసి పేర్చిన తన మాట. పన్నెండు రోజుల తేడాతో వేర్వేరు రాత్రుల్లో చెప్పిన రెండు వాక్యాలను మేము పక్కపక్కన పెట్టాం. దాంతో ఆయన ఒక మనిషిని నేరుగా నిందించినట్టయింది. ఆ నింద ఆయన నోటి మాటలతోనే తయారైనా, దాన్ని తయారుచేసింది క్లిప్పులను వరుసగా పేర్చిన నా టైమ్‌లైన్. నేను చేసినదానికి ఆయన ముందుగానే ఎలా ఒప్పుకుని ఉంటారు? అందువల్ల ఈ కోరికను చట్టం సమస్యగా కాక ఎడిటింగ్ సమస్యగా తీసుకోవాలని, దాని పరిష్కారం మా పని అని చెప్పాను. ఒక రాత్రి ఆలోచించి మరునాడు ఒప్పుకున్నాడు. చిత్రోత్సవం గడువును వదులుకోవాల్సి వస్తుందని అప్పుడే ఇద్దరికీ తెలుసు.

చేసి చూసినవి, విఫలమైనవి

మొదట ముఖం మసక చేసి, గొంతు స్థాయి మార్చి ఆ మాటలను ఉంచుకోవచ్చేమోనని చూశాం. దీన్ని పరీక్షించాలి, కానీ ఆయన క్లిప్పుతో పరీక్షిస్తే దాచాల్సినదాన్ని మేమే బయటపెట్టినట్టవుతుంది. అందుకని అదే వాడలోని మరొకరు వానల గురించి మాట్లాడిన, ఎవరికీ హాని లేని ఒక క్లిప్పును తీసుకుని, ఆ మాట్లాడినవారి అనుమతితో దాన్నే మసక చేసి, గొంతు మార్చి పక్క వీధి అతనికి చూపించాం. నిమిషం కూడా పట్టలేదు. "మా పెద్దమ్మ కొడుకు గదా," అన్నాడు. ఎలా గుర్తుపట్టావంటే, మాట్లాడే ముందు తల గోక్కోవడం, వెనుకనున్న దర్వాజా రంగు చూపించాడు. మసక అనేది దూరపు ప్రేక్షకుడి నుంచి దాస్తుంది. ఇక్కడ ఎవరి నుంచి దాచాలో ఆ మనిషి ఊళ్లోనే ఉన్నాడు.

తర్వాత ఆ మాటలను ఒక రంగస్థల నటుడి చేత చెప్పించాం. పాలమూరు యాస సరిగానే పలికాడు. ఊపిరి మాత్రం రాలేదు. వాక్యం మధ్యలో ఆయన ఆగే చోట నటుడు ఆగలేదు, ఆగమని చెబితే ఆగినట్టు తెలిసిపోయింది. అసలు చిక్కు అంతకన్నా లోతైనది. ఎంత తీసుకున్నారు, ఏ ఏట, ఎందుకు అన్న వివరాలు ఎవరి నోట వచ్చినా అవి ఆ ఒక్క కుటుంబానివే. వివరాలు మారిస్తే అబద్ధం, ఉంచితే ఆనవాలు. గుర్తు ముఖంలో, గొంతులో ఉందనుకున్నాం. అది కథలోనే ఉందని అప్పుడు అర్థమైంది.

మూడో ప్రయత్నంగా దర్శకుడు తన గొంతుతో వ్యాఖ్యానం రాసి చదివాడు, రెండు చట్టాల గురించి తెర మీద అక్షరాలు వేశాం. అది నాలుగు రోజుల్లోనే పత్రికలో వచ్చే ప్రత్యేక కథనంలా తయారైంది. సమాచారం సరైనదే, కానీ ఎవరి ఇంటి నుంచీ రాని సమాచారం. తీసేశాం.

నిలబడినవి

ఇక మిగిలింది ఆ 11 నిమిషాలను నిజంగా ఖాళీగా వదిలి, ఆ ఖాళీతోనే 46 గంటలనూ మొదటి నుంచి చూడటం. ఇంతకుముందు ఫుటేజీ చూసినప్పుడు మేమిద్దరం ఆ పెద్దమనిషి మాటలకు సరిపోయే బొమ్మల కోసమే వెతికాం. ఇప్పుడు ఆ అవసరం లేదు. మొత్తం చూడటానికి తొమ్మిది రోజులు పట్టింది, ప్రతి క్లిప్పుకూ కొత్తగా గుర్తులు రాసుకున్నాం.

మాటకు బొమ్మగా ఆరు సెకన్లు వాడిన ఒక షాట్ అసలు నిడివి నాలుగు నిమిషాల పైచిలుకు. ఇంటివాళ్లు ముంబయి బస్సు ఎక్కి పోయాక, మనవడితో మిగిలిపోయిన ముసలమ్మ తాళంచెవిని కొంగు చివర ముడి వేసుకుంటుంది, లోపలికి పోతుంది, మూట కట్టగా మిగిలిన జొన్నరొట్టెలను లెక్కపెట్టి రెండింటిని పక్కన పెడుతుంది. ఎవరూ మాట్లాడరు. పిల్లవాడు ఒకసారి వాకిట్లోకి వచ్చి రోడ్డు వైపు చూసి పోతాడు. దర్శకుడికి ఆ షాట్ మీద నమ్మకం లేదు, ఏమీ జరగడం లేదన్నాడు. అడ్వాన్సు అనే మాట వినపడకుండానే అది చేసే పని అంతా ఇందులో జరుగుతున్నదని నేను అన్నాను. పూర్తి నిడివితో ఉంచాం. ఆ షాట్ కోసం దాని ముందున్న మూడు నిమిషాలను వేగంగా కట్ చేశాం. హడావిడి తర్వాత కదా ఇల్లు ఖాళీ అయినట్టు తెలిసేది.

అడ్వాన్సు సంగతి పూర్తిగా వదిలేయడానికి మాత్రం మనసొప్పలేదు. దానికి దారి, ధ్వని బాగా లేదని పక్కన పెట్టిన ఒక క్లిప్పులో దొరికింది. వేపచెట్టు కింద కట్ట మీద ఆరుగురు కూర్చుని ఈసారి ఎవరు ఎంత ఇస్తున్నారో, జంటకు ఎంతో, ఒంటరిగా పోయేవాడికి ఎంతో మాట్లాడుకుంటారు. రాత్రి గడప మీద ఒకరు చెప్పుకున్నదానికీ దీనికీ ఒక పెద్ద తేడా ఉంది. ఇది పట్టపగలు, నలుగురి మధ్య, ఊరంతా అనుకునే మాట. ఎవరి అప్పూ ఎవరూ చెప్పరు. ఇది బయటికి వచ్చినందుకు ఏ ఒక్కరినీ వేలెత్తి చూపడం సాధ్యం కాదు. అయినా ఆరుగురినీ మళ్లీ అడిగాం. ఒకరు తన మాట ఒకటి వద్దన్నారు, అది పోయింది.

ఆ క్లిప్పులో గాలి హోరు విపరీతంగా ఉండేది. 100 హెర్ట్జ్ కింది ధ్వనిని కోసేస్తే బరువు తగ్గింది గానీ, మాటకూ మాటకూ మధ్య ధ్వని అతుకులతో తునకలుగా వినిపించింది. దర్శకుడు అదే కట్ట దగ్గరికి అదే వేళకు వెళ్లి, ఈసారి మైకుకు తొడుగు వేసి, ఎవరూ లేని చెట్టు ధ్వనిని పది నిమిషాలు రికార్డు చేసి తెచ్చాడు. దాన్ని కింద పరిచాక అతుకులు కనపడకుండా పోయాయి. ఆ రోజు నుంచి అతను పెళ్లికి వెళ్లినా ముందుగా ఒక నిమిషం మండపం ధ్వని తీసుకుంటున్నానని చెప్పాడు. నాకు అది చాలా సంతోషం కలిగించింది.

రెండో ప్రదర్శన, రేకుల ఇల్లు

ఈసారి కట్‌ను ఊరి బడి గోడ మీద ప్రొజెక్టరుతో వేశాం. ఏ మాట మీద అభ్యంతరం వస్తుందోనని మేము భయపడ్డాం. అభ్యంతరం మేము ఊహించని చోటి నుంచి వచ్చింది. చిత్రంలో రెండుసార్లు కనిపించే రేకుల ఇంటి యజమానురాలు లేచి, "సారూ, గా ఇల్లు ఇప్పుడు యాడున్నది? మేము స్లాబు ఏస్కున్నం. గది సూపెట్టరా?" అని అడిగింది. ఆమె గొంతులో కోపం ఉంది.

ఆ ఇల్లు వానకు కారుతున్న షాట్ చాలా అందంగా వచ్చింది. నేను రెండుసార్లు వాడుకోవడానికి కారణం అదే. తీసిన రోజున అది నిజం. మేము కట్ చేస్తున్న ఏడాదికి ఆ కుటుంబం ముంబయి సంపాదనతో స్లాబు వేసుకుని, గోడకు గులాబీ రంగు కొట్టించింది. నాలుగు సీజన్ల పని ఆ స్లాబులో ఉంది. మేము ఆ పనిని చూపించకుండా కారుతున్న రేకులనే చూపిస్తే, ఆమె ఇంట్లోవాళ్లు అంత దూరం పోయి తెచ్చుకున్నదాన్ని వాళ్ల చేతుల్లోంచి లాక్కున్నట్టే.

వెళ్లి కొత్త ఇంటిని తీయాలా, పాత షాట్లనే తీసేయాలా అన్న చర్చ జరిగింది. తీసేస్తే అభ్యంతరం తీరుతుంది గానీ ఆమె అడిగినది అది కాదు. దర్శకుడు వెళ్లి తీశాడు. ఆమె ఇంటి ముందు నిలబడి, కొత్త చీర కట్టుకుని, కెమెరా వైపు నేరుగా చూసింది. రేకుల ఇల్లు ఒక్కసారే ఉంచి, తొమ్మిది నిమిషాల తర్వాత ఈ షాట్ పెట్టాం. దాంతో చిత్రం మొగ్గు మారింది. వలస వల్ల పోయేదీ, వలస వల్ల వచ్చేదీ ఒకే వీధిలో పక్కపక్కన ఉంటాయని అంతకుముందు కట్‌లలో ఎక్కడా లేదు. మొదటి రఫ్ కట్‌ను బాగుందని మెచ్చుకున్నవారు కూడా, ఆ చిత్రంలో ఈ ఊరివాళ్లు జాలిపడాల్సిన మనుషులుగా మాత్రమే ఉన్నారని గమనించలేదు. నేనూ గమనించలేదు.

చిత్రం 34 నిమిషాల దగ్గర నిలిచింది.

ఇప్పుడు చేస్తున్న మార్పులు, తీరని లోటు

ఈ కేసు తర్వాత నేను ఒప్పుకునే ప్రతి పనిలో రఫ్ కట్ చూపించే తేదీని షూటింగ్ మొదలయ్యే ముందే రాయించుకుంటున్నాను, దాని తర్వాత మార్పులకు కనీసం మూడు వారాలు ఉంచమంటున్నాను. చూపించాక మార్చడానికి సమయం లేకపోతే అది అడగడం కాదు, తెలియజేయడం. సమ్మతి పత్రంలో ఇప్పుడు ఒక వాక్యం అదనంగా ఉంటుంది: పిక్చర్ లాక్ అయ్యేదాకా, అంటే కూర్పు ఇక మారదని ఖాయం చేసేదాకా, తన మాటను, బొమ్మను వెనక్కి తీసుకునే హక్కు చిత్రంలో ఉన్నవారికి ఉంటుంది. లాక్ తర్వాత ఏం చేయాలన్న దానిపై నాకు ఇంకా స్థిరమైన సమాధానం లేదు. విడుదలైన చిత్రాన్ని వెనక్కి తీసుకోవడం చేతిలో ఉండదు కాబట్టే లాక్‌కు ముందు ఇంత జాగ్రత్త. అప్పు, కులం, పనిచోట ప్రమాదం వంటి విషయాలు ఎవరైనా ఒంటరిగా కెమెరాకు చెబితే, ఇది ఎవరి మీద సాక్ష్యం అవుతుందని రఫ్ కట్‌కు ముందే ప్రశ్న వేసుకుంటున్నాను. ఒక్క ఇంటర్వ్యూ చిత్రంలో ఐదో వంతు దాటిందంటే ఆగి మళ్లీ చూస్తున్నాను. ఈ ఐదో వంతు నా పని వల్ల ఏర్పడిన అంచనా మాత్రమే, మరొకరికి వేరే లెక్క ఉండవచ్చు.

ఆ తొలగింపు వల్ల చిత్రం ప్రతి విధంగానూ మెరుగైందని చెబితే అది నిజం కాదు. ఒకసారి అడ్వాన్సు తీర్చినవాడు రెండోసారి ఎందుకు చేయి చాపాల్సి వస్తుందో ఆ పెద్దమనిషి చెప్పినంత స్పష్టంగా నేను ఎక్కడా వినలేదు. ఆ వివరణ చిత్రంలో లేదు. కట్ట మీది ఆరుగురి మాటలు దాని చుట్టూ తిరుగుతాయి గానీ దానిలోకి పోవు. అది మా చిత్రానికి లోటే.

ఆ 38 నిమిషాల అసలు ఫుటేజీ ఏం చేయాలన్నది చివరి నిర్ణయం. ముప్పై ఏళ్ల తర్వాత ఇలాంటి సాక్ష్యానికి విలువ ఉంటుందని, తాళం వేసి దాచుదామని దర్శకుడు వాదించాడు. ఆ వాదనలో బలం ఉంది. కానీ తాళంచెవి ఎవరి దగ్గర ఉండాలని అడిగాను. ఇద్దరం వెళ్లి ఆయన్నే అడిగాం. "మా పిల్లగాడు పని ఇడిసి వచ్చినంక సూద్దాం. అందాక నా తాన్నే ఉండనియ్యున్రి," అన్నారు. మా మూడు డ్రైవుల్లోంచి ఆ క్లిప్పులను, వాటి చిన్న ప్రతులను, రాసుకున్న మాటల కాగితాలను తీసేశాం. అసలు ఫైళ్లను ఒక మెమరీ కార్డులో వేసి, ఆయన ఫోనులో తెరుచుకునే చిన్న ప్రతిని కూడా దానిలో చేర్చి ఇచ్చాం. ఆయన భార్య దాన్ని పట్టాదారు పాసుపుస్తకం కవరులో పెట్టి, పెట్టెలో అడుగున దాచింది.